నీకేం పడదమ్మా?

మా అక్క చనిపోయిన పదమూడో రోజు పనులు ముగిశాక ఆమె ట్రంకుపెట్టెను ఆమె కూతురు సుజాత తెరిచింది. మదనపల్లె నుంచి, పుంగనూరు నుంచి వచ్చిన చుట్టాలు భోజనాలు చేసి వెళ్లిపోయారు. సుజాత భర్త ఉద్యోగానికి పోయాడు. కుప్పంలోని ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. పెట్టెలో రెండు నేత చీరలు, పెన్షను కాగితాలు, పాత కళ్లజోడు, అడుగున దారంతో కట్టిన నోటుబుక్కుల కట్ట ఉన్నాయి. అక్క ముప్ఫై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో టీచరుగా పనిచేసింది. బడి సంవత్సరానికి ఒకటి చొప్పున ఉన్నాయి ఆ పుస్తకాలు. వాటిలో పిల్లల పేర్లు వరసగా రాసి, ఒక్కో పేరుకు ఎదురుగా ఒకటి రెండు మాటలు రాసింది. రామాంజులు, వంకాయ. షబీనా, కోడిగుడ్డు, దురద. మునెమ్మ, పాలు, వాంతి. కేశవులు, ఏమీ లేదంటాడు, మళ్లీ అడగాలి.

"ఏంది చిన్నమ్మా ఇవి? హాజరు గాదు, మార్కులు గాదు. అమ్మ ఇవి యాల రాసింది?" అంది సుజాత.

నాకు తెలుసు. తెలియదన్నాను. అది అబద్ధమని కూడా ఆ క్షణంలో నాకు అనిపించలేదు. పదమూడు రోజులుగా ఎవరేం అడిగినా నా నోటికి ఏది దగ్గరగా ఉంటే అది వస్తోంది. కాఫీ తాగుతావా అంటే తాగుతాననేదాన్ని. తీసుకొచ్చి ఇస్తే చల్లారిందాకా పట్టుకుని కూర్చునేదాన్ని. అక్కకూ నాకూ పన్నెండేళ్లు తేడా. నాకు ఊహ తెలిసేటప్పటికి అమ్మ లేదు. నన్ను పెంచింది అక్కే. ఏడుపు రావలసిన సంబంధమే. రాలేదు.

సుజాతే తర్వాత చెప్పుకుపోయింది. కొత్త పిల్లలు చేరిన రోజు అక్క పలక ఇవ్వకముందే ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, "నీకేం పడదమ్మా?" అని అడిగేదట. ఒకసారి ఒక పిల్లవాడు చాలాసేపు ఆలోచించి, "లెక్కలు పడవు టీచరమ్మా" అన్నాడట. మిగతా టీచర్లు ఆ మాట చెప్పుకుని ఏళ్ల తరబడి నవ్వేవాళ్లు. అక్క మాత్రం దాన్ని కూడా రాసిపెట్టింది. సుజాత పుస్తకాలు తిరగేసి ఆ పేరు వెతికింది. దొరికింది. లెక్కలు అని రాసి, పక్కన, తిండిలో ఏమీ లేదు, వాళ్లమ్మను అడిగినాను, అని ఉంది.

సుజాత కూడా టీచరే. కుప్పంలోనే ఒక బడిలో నాలుగో తరగతి చెబుతుంది. ఆ నోటుబుక్కులు ఒళ్లో పెట్టుకునే ఆమె తన సంగతి ఎత్తింది. ఆమె తరగతిలో హర్షిత అనే పాప ఉంది. ఆ పాపకు చెనక్కాయలు పడవు. పడకపోవడమంటే దురద, వాంతి కాదు, గొంతు మూసుకుపోతుంది. రెండేళ్ల కిందట బంధువుల ఇంట్లో చెనక్కాయల పప్పుండ కొరికి, ఆసుపత్రికి చేరేలోగా నీలంగా మారిపోయింది. బతికింది. బెంగుళూరు డాక్టరు పెన్ను లాంటి సూది ఒకటి రాసిచ్చి, ఇది ఎప్పుడూ పాప దగ్గరే ఉండాలి, బడిలో దాన్ని వేయగలిగినవాళ్లు ఒకరుండాలి అని చెప్పాడు. బడిలో మధ్యాహ్నం భోజనంతో చెనక్కాయ చిక్కి ఇచ్చే రోజులుంటాయి. ఆ రోజుల్లో హర్షితను కిటికీ పక్కన వేరుగా కూర్చోబెడతారు. ఆ సూదిని తీసుకుంటామని మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. మనం పాఠం చెప్పేకి వచ్చినామా సూదులు పొడిచేకా, ఏమన్నా అయితే జవాబెవరు చెప్పేది, ఒకటి సున్నా ఎనిమిదికి ఫోన్ చేసేదే మన డ్యూటీ అని హెడ్మాస్టరు అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడని సుజాత రెండుసార్లు చెప్పింది. బడిలో మందుల పెట్టె ఉంది. దాంట్లో దూది, అయోడిన్, గడువు దాటిన జ్వరం మాత్రలు ఉన్నాయి. ఒకసారి ఫోనులో శిక్షణ వీడియో వచ్చింది. దాన్ని ఆన్ చేసి పక్కన పెట్టి అందరూ నోట్సులు దిద్దుకున్నారు.

అందుకని బడి తెరిచినప్పటి నుంచి హర్షిత వాళ్లమ్మ రోజూ గేటు బయట కూర్చుంటోంది. పొద్దున గంట కొట్టింది మొదలు సాయంత్రం గంట కొట్టేదాకా, సంచిలో ఆ సూది పెట్టుకుని. ఆమె బట్టలు కుట్టే పనికి పోయేది. మానేసింది. ఇక ఇట్లా జరగదని, సోమవారానికి ఏ టీచరూ ఒప్పుకోకపోతే పాపను బడి మాన్పిస్తానని సుజాతతో చెప్పింది.

"నన్నే అడిగింది చిన్నమ్మా. చూస్తానని చెప్పినాను. నాకు భయంగా ఉండాది. అమ్మను అడగదామనుకుంటిని. అమ్మయితే ఏం చేసేది?" అంది సుజాత.

అమ్మ దగ్గర ఎప్పుడూ ఏ పొరపాటూ జరగలేదు, అంత జాగ్రత్త మనిషి, అని కూడా అంది. అప్పుడు నేను లేచి వంటింట్లోకి పోయి నీళ్లు తాగాను. అక్క వంటింట్లో, ఆ తర్వాత సుజాత వంటింట్లో, చెనక్కాయలు ఎప్పుడూ లేవు. ఈ సీమలో అవి లేని వంటిల్లు నేను ఇంకోటి చూడలేదు.

పుంగనూరులో మా ఇల్లు అంగడి వెనకాల ఉండేది. ముందు గదిలో నాన్న చిల్లర అంగడి, మధ్యలో మూటలు పెట్టే చీకటి గది, వెనక మేము. ఇల్లంతా బెల్లం, ఇంగువ, కిరసనాయిలు కలిసిన ఒక వాసన. పొద్దున దానిలోకి వేయించిన చెనక్కాయల వాసన వచ్చి చేరేది. అక్క తెల్లవారకముందే లేచి బాణలిలో గుప్పెడు గింజలు వేయించి, పొట్టు చెరిగి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు వేసి రోట్లో నూరేది. దాన్నే ఊరిబిండి అంటాం. అది లేకుండా నాన్నకు సంగటి దిగేది కాదు. అక్క నూరుతుంటే ఆయన అంగడి పలకలు ఒక్కొక్కటీ తీస్తూ అక్కడి నుంచే, కారం తగ్గిందమ్మా ఈ పొద్దు, నాకు ఈడికే తెలస్తాండాది, అనేవాడు. రుచి చూడకుండానే. అక్క, అయితే వాసనతోనే తినేసెయ్ నాయనా, సంగటి మిగలతాది, అనేది. రోజూ ఇదే మాట. రోజూ ఇద్దరూ నవ్వేవాళ్లు.

అక్కకు సోమల వైపు ఒక పల్లెలో ఉద్యోగం వచ్చింది. ఒకే టీచరు, ఒకే గది, ముందు వసారా. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేక అక్క నన్ను కూడా తనతో తీసుకుపోయి ఆ బడిలోనే వేసింది. నా జడ ఎంత బిగించి వేసేదంటే బస్సులో కూర్చున్నంతసేపూ నా కనుబొమలు పైకి లాగినట్టు ఉండేవి. క్రాస్ దగ్గర బస్సు దిగి రెండు మైళ్లు నడవాలి. అక్క ముందు నడిచేది, నేను వెనక ఎక్కాలు చెప్పుకుంటూ నడిచేదాన్ని. తప్పు చెబితే ఆగేది. వెనక్కి తిరగకుండా అలాగే నిలబడేది. సరిగ్గా చెబితే మళ్లీ అడుగు వేసేది. ఆ పల్లెలో సగం ఇళ్లు సేద్యం చేసేవాళ్లవి, సగం గొర్రెలు మేపేవాళ్లవి. అక్కకు అప్పటికి ఇరవై రెండేళ్లు. ఊళ్లో ముసలివాళ్లు కూడా ఆమెను టీచరమ్మా అని పిలిచి, లేచి నిలబడేవాళ్లు. దానికి ఆమె సిగ్గుపడేది. కొంత గర్వపడేది కూడా అనుకుంటాను. నేనైతే చాలా గర్వపడేదాన్ని. ఐదో తరగతిలో నేను ఒక్కదాన్నే ఆడపిల్లను కాబట్టి నన్నే లీడరును చేసింది. చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పించడం, ముక్కులు తుడిపించడం, ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చోవడం నా పనులు.

చెనక్కాయలు పీకే కాలంలో ఆ ఊళ్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏ చేనులో పీకితే ఆ చేనువాళ్లు ఒక గంపెడు పచ్చికాయలు బడికి పంపేవాళ్లు. బడి పక్కింటామె వాటిని పైపైన కడిగి, ఉప్పు వేసి పెద్ద కుండలో ఉడకబెట్టేది. ఉడికేటప్పుడు తడి మట్టి వాసన, కాయ వాసన కలిసి వసారాలోకి వచ్చేవి. ఆ రోజు పాఠం ఎవరి బుర్రకూ ఎక్కేది కాదు. పిల్లలు వరసగా వచ్చి దోసిలి పడితే అక్క పోసేది. గదంతా తొక్కలు. ఆ తొక్కలు ఊడవడం కూడా పిల్లలకు సంబరమే.

రెండో తరగతిలో ఈరక్క అనే పిల్ల ఉండేది. గొర్రెలు మేపేవాళ్ల బిడ్డ. చిన్నగా, నల్లగా, ఎప్పుడూ నా పక్కకు చేరి కూర్చునేది. తన దోసిట్లో పోసిన కాయల్ని ఆమె తినేది కాదు. పక్కవాళ్లకు పెట్టేసేది. గొర్రెలోళ్ల పిల్లకు చెనక్కాయలు చేదంట, ఆకు కావాలంట, అని మగపిల్లలు ఎగతాళి చేసేవాళ్లు. ఎందుకు తినవని నేను ఒకసారి అడిగితే, గొంతులో గీరతాదక్కా, అంది. అది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అనుకోలేదు. అక్కకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. వాళ్లకు సొంత చేను లేదు కాబట్టి, ఒకరు పండించింది ఊరికే తీసుకోకూడదని ఇంట్లో నేర్పారని, అందుకే మొహమాటపడుతోందని అనుకుంది. ఈ బడిలో నీదీ నాదీ అనేది లేదని అక్క ఎప్పుడూ చెబుతుండేది. నిజంగానే నమ్మి చెప్పేది. ఒక రోజు గంప వచ్చినప్పుడు ఈరక్కను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, తన చేత్తో కాయలు వలిచి ఒక్కొక్క గింజా నోట్లో పెట్టింది. ఈరక్క నమిలింది. టీచరమ్మ పెడితే వద్దనే పిల్ల ఎవరు? నమిలేటప్పుడు నా వైపు చూసింది. నేను నవ్వాను. మా అక్క అంత మంచిదని నాకు సంతోషం.

కాసేపటికి ఈరక్క గొంతు గీరుతోందని చెప్పింది. ఉప్పు ఎక్కువైందేమో నీళ్లు తాగు అంది అక్క. తాగింది. మెడ గోక్కుంది, చేతులు గోక్కుంది. చూస్తుండగానే దద్దుర్లు లేచాయి. మెడ మీద, మోచేతుల మీద, కడుపు మీద, అరచేతులంత వెడల్పుగా. అక్క భయపడింది. కానీ అది తెలిసిన భయమే. దద్దుర్లు ఎవరికి లేవవు? ఇద్దరు పిల్లలను పంపి ఈరక్క వాళ్లవ్వను పిలిపించింది. అవ్వ వచ్చేటప్పుడే కంబళి భుజాన వేసుకుని వచ్చింది. మనుమరాలిని చూసి, "ఏమే, తేనెటీగల్తో పెండ్లి చేసుకుంటివా?" అంది. పిల్లలు నవ్వారు. ఈరక్క కూడా నవ్వబోయింది.

దద్దుర్లకు కంబళి మా సీమలో తరాల నాటి వైద్యం. గొర్రెబొచ్చు కంబళితో ఒళ్లంతా రుద్ది, గాలి సొరకుండా కప్పేసి, చెమట పట్టేదాకా ఉంచాలి. చెమట పడితే దద్దుర్లు దిగిపోతాయి. మధ్యలో తీస్తే గాలి తగిలి లోపలికి పోతాయి, అది ప్రమాదం. ఈ సంగతి పల్లెలోనే కాదు, పుంగనూరు బజారులోనూ అందరికీ తెలుసు. నాకు ఒంట్లో దద్దుర్లు లేచినప్పుడు నాన్న అంగడికి వచ్చే ఒక గొర్రెలాయన దగ్గర కంబళి అడిగి తెస్తే, అక్క తన చేతులతో నన్ను కప్పింది. తగ్గాయి కూడా. అందువల్ల ఆ రోజు బడిలో ఎవరూ ఆలోచించవలసిన పని పడలేదు. గది మూల గోనెపట్ట వేసి ఈరక్కను పడుకోబెట్టారు. అవ్వ ఆమెను తల మీది నుంచి కప్పి, అంచులు కిందికి దోపింది. కిటికీ మూసింది. "గాలి తగలనీకండమ్మా. ఇట్లాంటివి శానా సూసినాము," అని చెప్పి, దిష్టి తీయడానికి ఉప్పు, ఎండుమిరపకాయలు తేవడానికి ఇంటికి పోయింది. అక్క నన్ను పిలిచి, పక్కన కూర్చో, కంబళి తీయనీకు, అని చెప్పి, మిగతా పిల్లలను వసారాలోకి తీసుకుపోయింది. గోల లేకుండా ఉండాలని పదమూడో ఎక్కం మొదలుపెట్టించింది.

నేను కంబళి అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. అది బరువుగా ఉండేది, గొర్రెబొచ్చు కంపు కొట్టేది. లోపల నుంచి ఈరక్క, "అక్కా, తీయక్కా," అంది. కొంచెం ఓర్చుకో అన్నాను. మళ్లీ, "తీయక్కా, ఊపిరాడలా," అంది. చెయ్యి బయటికి పెట్టబోతే లోపలికి తోశాను. మెల్లగానే తోశాను. మూడోసారి మాట రాలేదు, ఒక శబ్దం వచ్చింది. ఏడుస్తోందనుకున్నాను. తర్వాత కదలడం తగ్గింది. తర్వాత కదల్లేదు. నిద్రపోయిందని నాకు సంతోషం వేసింది. అప్పజెప్పిన పని సరిగ్గా చేసినప్పుడు కలిగే సంతోషం. వసారాలోకి పోయి, ఈరక్క నిద్రపోయింది అని చెప్పాను. అయితే తగ్గినట్టే, అంది అక్క. పిల్లలు ఎక్కం రెండోసారి మొదలుపెట్టారు. పదమూడు ఒకట్లు పదమూడు. వాళ్లు చివరిదాకా చెప్పారు. అవ్వ ఉప్పు పట్టుకుని వచ్చి, గుప్పిట మూసి మూడుసార్లు తిప్పి, ముఖం మీది కంబళి తీసింది.

ఆ ముఖం ఎలా ఉందో రాయను. రాయడం తెలియక కాదు. పెదవులు, కళ్లు వాచి ఉన్నాయని చెబితే చాలు. అవ్వ అరవలేదు. కూర్చుండిపోయింది. అక్క ఈరక్కను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది. ఆ ఎండలో రెండు మైళ్లు. బస్సు లేదు. ఎవరిదో ఎద్దులబండి దొరికింది. అది సోమల దాకా పోవలసిన పని లేకపోయింది. ఈరక్క నాయన సాయంత్రం మంద తోలుకుని వచ్చి, ఏం తినింది, అని ఒక్కటే అడిగాడు. బడిలో ఉడికిన కాయలు అంది అక్క. "అందురూ తినిందేగదమ్మా," అన్నాడు ఆయన, అక్కకు ధైర్యం చెప్పినట్టుగా. మనం పండించుకునేది మనల్ని ఏం చేస్తుంది? గాలి సోకిందన్నారు. పురుగు ముట్టిందన్నారు. ఊళ్లో ఒక్కరు కూడా అక్కను ఒక మాట అనలేదు. వారం తర్వాత ఆయన బడికి వచ్చి, గడప బయటే నిలబడి, ఒక పలక అందించాడు. "బడిదంట గదమ్మా. ఇంట్లో ఉండిపోయింది," అన్నాడు. అక్క తీసుకుంది. దాని మీద సగం అక్షరాలు ఉన్నాయి. అక్క వాటిని చెరపలేదు, ఇంకెవరికీ ఆ పలక ఇవ్వలేదు.

మా ఇంట్లో ఊరిబిండి ఆగిపోయింది. అక్క ఏమీ చెప్పలేదు, నూరలేదు అంతే. నాన్న కొన్ని రోజులు సంగటి ముందు కూర్చుని ఎదురుచూశాడు. తర్వాత ఎదురుచూడడం మానేశాడు. పొద్దున అంగడి పలకలు తీసేటప్పుడు మాటలు లేవు. అక్క మరుసటి సంవత్సరం బదిలీ అడిగి బైరెడ్డిపల్లె వైపు ఒక బడికి పోయింది. అక్కడి నుంచి మొదలవుతాయి ఆ నోటుబుక్కులు. ముందు సంవత్సరానిది లేదు.

నేను పెద్దదాన్నై మదనపల్లెలో ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిలో చేరాను. పుస్తకాల మధ్య బతుకు గడిచింది. ఒక మధ్యాహ్నం కొత్తగా వచ్చిన ఆరోగ్య గ్రంథం ఒకటి నంబరు వేయడానికి తెరిస్తే, ఒక పేజీలో ఈరక్క ఉంది. గొంతు గీరడం, దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి అందకపోవడం, అన్నీ అదే వరసలో. కొందరికి కొన్ని తిండ్లు విషమవుతాయని, నిమిషాల్లో సూది పడితే మనిషి బతుకుతుందని రాసి ఉంది. మూడుసార్లు చదివాను. నంబరు వేసి అరలో పెట్టాను. అక్కకు ఉత్తరం రాయలేదు. ఆమె అదే పేజీ ఎక్కడో చదివే ఉంటుందని ఆ తర్వాత అనుకున్నాను. చదివినా చదవకపోయినా, పిల్లలు ఏదైనా తిండి వద్దంటే నమ్మాలని మాత్రం ఆమె నేర్చుకుంది. ఎంత వెల పెట్టి నేర్చుకుందో నాకు ఒక్కదానికే తెలుసు.

ఒకే ఒకసారి ఆ సంగతి మా మధ్య వచ్చింది. అక్క రిటైరైన ఏడు మదనపల్లె వచ్చి నా దగ్గర నాలుగు రోజులుంది. టమాటాలు కోస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆ పొద్దు ఈరక్క నిన్నేమన్నా అడిగిందా?"

లేదన్నాను. "నిద్రపోయిందక్కా. ఏమీ అడగలా."

అక్క సరేనంది. ఆ సరే ఎలాంటిదో ఇప్పటికీ నాకు తెలియదు. నమ్మిందో, నన్ను నమ్మనిచ్చిందో. టమాటాలు కోయడం అయిపోయింది. చారు పెట్టాం. ఆమె అడిగినప్పుడు చెప్పి ఉంటే, తన ఒక్కదానిదే అనుకున్న దానిలో సగం నాదని ఆమెకు తెలిసేది. చెప్పకపోవడం ఆమెను కాపాడడమని అనుకున్నాను. నన్నే కాపాడుకున్నాను. ఆమె పోయిన తర్వాత కూడా లోపల ఏమీ కదలకపోవడానికి ఇదే కారణమేమో. కారణాలు వెతికే ఓపిక ఈ వయసులో తక్కువ.

వంటింట్లోంచి వచ్చి సుజాతకు ఇదంతా చెప్పాను. వరసగా చెప్పాను, దేన్నీ దాచలేదు. ఆమె నోటుబుక్కు మూసి నేల మీద పెట్టింది. వాళ్లమ్మ గురించి ఏదో అంటుందనుకున్నాను. అనలేదు. "ఎంతసేపు పట్టింది చిన్నమ్మా?" అంది.

"పదమూడో ఎక్కం రెండుసార్లు."

ఆమె పెదవులు కదిలాయి. లెక్కపెడుతోంది. పదమూడు ఒకట్లు నుంచి మొదలుపెట్టి లోపలే మొత్తం చెప్పుకుంది. అప్పట్లో రోడ్డుకు రెండు మైళ్లు, బస్సు లేదు, సూది అనేదొకటి ఉందని తెలిసినవాళ్లు లేరు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, అంబులెన్సు పావుగంటలో వస్తుంది, సూది గేటు బయట సంచిలో ఉంది. అయినా ఆ పావుగంట కూడా రెండు ఎక్కాల కంటే ఎక్కువే. సుజాత ఆ లెక్క దగ్గరికే వచ్చిందనుకుంటాను. లేచి ఫోన్ చేసింది. హర్షితను తీసుకుని ఇంటికి రమ్మని వాళ్లమ్మకు చెప్పింది. తర్వాత హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, నా పేరు రాసుకోండి సార్, జవాబు నేనే చెప్తాను, అంది. ఆయన ఏదో చాలాసేపు మాట్లాడాడు. సుజాత మధ్యలో, "సరే సార్, మీరు బయట నిలబడి ఎక్కాలు చెప్పించండి," అంది. ఆయనకు అర్థమై ఉండదు.

వాళ్లు ఆదివారం సాయంత్రం వచ్చారు. హర్షిత వాళ్లమ్మ ముప్ఫై ఏళ్ల మనిషి. గేటు బయట ఎండలో కూర్చుని ముఖం ఒక వైపే నల్లబడింది. కుర్చీ వేసినా అంచునే కూర్చుంది. డాక్టరు ఇంగ్లీషులో రాసిన కాగితాన్ని తన చేత్తో తెలుగులోకి రాసుకుని తెచ్చింది. ముందు సూది, తర్వాతే ఫోన్. పడుకోబెట్టాలి, కాళ్లు ఎత్తి పెట్టాలి, నడిపించకూడదు. ఊపిరి అందక లేచి కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి. ఈ చివరి మాటను నేను ఆ కాగితం మీద రెండుసార్లు చదివాను. నేర్చుకోవడానికి సూది లేని ఉత్త పెన్ను ఒకటి కూడా ఆమె తెచ్చింది. సుజాత దాన్ని చేతిలోకి తీసుకుంది. ఎటువైపు పట్టుకోవాలో తెలియక అటూ ఇటూ తిప్పింది. హర్షిత అది చూసి, కుర్చీలోంచి దిగి, గౌను సర్దుకుని, తొడ పక్క భాగం మీద వేలు పెట్టింది.

"ఈడ టీచర్. గౌను మింద నుంచే ఎయ్యొచ్చంట. పిడికిలి బిగించి పట్టుకోవాల, బొటనేలు పైన పెట్టగూడదు." ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పి ఉంటుందో, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

సుజాత ఆనించి నొక్కింది. టక్కుమని శబ్దం వచ్చింది. అందరం మెల్లగా లెక్కపెట్టాం, పాప కూడా. తీయబోతే హర్షిత సుజాత మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇంకొకటి టీచర్. నేను వద్దంటాను, గట్టిగా ఏడస్తాను. పోయినసారి డాక్టర్ని తన్నేసినాను. ఏడ్చినా ఆపొద్దంట."

"ఆపను," అంది సుజాత.

పాప నా వైపు తిరిగింది. "అవ్వా, నువ్వు గూడా నేర్చుకుంటావా?" అంది. వాళ్లమ్మ వారించబోయింది. నేను చెయ్యి చాచాను. పాప ఉత్త పెన్నును నా గుప్పిట్లో పెట్టి, నా బొటనవేలు పైన లేకుండా సర్ది, తొడ మీద సరైన చోటుకు నా చేతిని జరిపింది. ఎంత గట్టిగా నొక్కాలో నాకు తెలియలేదు. అడిగాను.

"భయపడాకు, గట్టిగానే," అంది. "నొప్పయితే నేను చెప్తాను."

చెప్పమన్నాను. చెబితే వింటానన్నాను. నొక్కాను.